పక్షులు ఊళ్లోకొచ్చే వేళ: రాజమండ్రి నుంచి కాకినాడ దాకా

రాజమండ్రి, గురువారం

సంక్రాంతికి వచ్చిన కూతుళ్లూ అల్లుళ్లూ వెళ్లిపోయాక గోదావరి జిల్లాల్లో బస్సులు ఖాళీ అవుతాయి, లాడ్జీల్లో గదులు దొరుకుతాయి. అందుకే జనవరి మూడో వారం దాటాక బయల్దేరాను. తోడు మా మేనకోడలు. ఇంటర్ చదువుతోంది, నాకంటే దాని కళ్లు చురుకు. చలికాలానికి దేశాలు దాటి వచ్చిన పిట్టలు పగలంతా పొలాల మీద తిరిగి, పొద్దుగూకేసరికి పట్నం నడిబొడ్డుకు చేరి పడుకుంటాయి. అది చూడాలని మా ఇద్దరి కోరిక.

పుష్కర ఘాట్‌లో ముందు సీగల్స్ కనిపించాయి. మెట్ల దగ్గర మరమరాల పొట్లం 20 రూపాయలు. ఓ గుప్పెడు విసిరితే చాలు, పాతిక ముప్ఫై తల మీదికి వచ్చేస్తాయి. పడవవాళ్లు వాటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి ఇక్కడ కనిపించిన వాటిలో చాలావరకు బ్రౌన్ హెడెడ్ గల్స్. అవి పిల్లల్ని పెట్టేది టిబెట్ పీఠభూమి మీదా, మన లద్దాఖ్ సరస్సుల దగ్గరా. చలికాలంలో తల గోధుమరంగు పోయి తెల్లగా అవుతుంది, చెవి దగ్గర నల్లమచ్చ ఒక్కటే మిగులుతుంది. ఓ పక్షి మా ముందు రాతి గోడ మీద వాలితే దాని కన్ను చూశాం. లేత పసుపు రంగు కన్ను, చుట్టూ సన్నటి ఎర్ర అంచు. మరమరాలు వాటికి కడుపు నిండే తిండి కాదు, చేపలూ పురుగులూ తిని బతికే జీవాలవి. కొనకుండా చూస్తే చాలు. అయిదున్నర దాటాక ఒక్కొక్కటే లేచి, 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన మీదుగా కిందికి, ఇసుక లంకల వైపు సాగిపోయాయి.

అక్కడ నుంచి ఆటో మాట్లాడుకున్నాం. "సాయంత్రం పిట్టలు చేరే చోటికి పోనివ్వండి" అన్నాను. "ఆయ్, ఎక్కండి బాబూ, నాకు తెలుసండి" అని తీసుకెళ్లి ఓ పాత బంగళా ముందు ఆపాడు. పెద్ద చింతచెట్టు, దాని నిండా గబ్బిలాలు. "ఇయ్యేనండి, సీకటి పడేసరికి లేత్తాయి" అన్నాడు సంబరంగా. అవీ పాలిచ్చే జంతువులే తప్ప పిట్టలు కావని మా అమ్మాయి చెప్పబోయింది. ఆయన ముఖంలో సంతోషం చూసి ఊరుకుంది. పది నిమిషాలు నిలబడ్డాం. నిజంగానే బాగుంది. తలకిందులుగా వేలాడుతున్నవి ఒళ్లు విరుచుకుని, రెక్కలు విప్పి, ఒక్కో కొమ్మా ఖాళీ చేసుకుంటూ గోదారి వైపు వెళ్లాయి. మేం చూడాలనుకున్నవి ఊళ్లోకి వచ్చే వేళకి ఇవి ఊరు విడిచి డ్యూటీకి వెళ్తాయి. ఆటో 120 తీసుకున్నాడు, ఆగినందుకు వేరే అడగలేదు.

మేం వెతికిన వానకోవెలలు, అంటే స్వాలో పిట్టలు, దొరికింది మార్కెట్ వెనక సందులో. దారి చెప్పింది చెరకురసం బండి మనిషి. కరెంటు తీగలు నాలుగు వరసలు, ఆ కింద గుడ్డల కొట్లు, చెప్పుల కొట్లు, స్కూటర్ల హారన్లు. దుకాణాల లైట్లన్నీ వెలిగాక పైన ఆకాశంలో చిన్న చిన్న చుక్కలు తిరగడం మొదలైంది. అయిదు నిమిషాల్లో చుక్కలు కిందికి దిగి తీగల మీద వరసగా కూర్చున్నాయి. ఎవరో కొలిచి కూర్చోబెట్టినట్టు ఒక్కోదానికీ మధ్య అంతే ఎడం. ముక్కు చాపితే పక్కదానికి తగలనంత దూరం. ఎక్కడైనా ఓ పిట్ట ఆలస్యంగా వచ్చి మధ్యలో దూరితే, ఆ వరసంతా అటూ ఇటూ జరిగి దానికి చోటిస్తుంది. ముఖాలన్నీ గాలి వచ్చే వైపే.

ఒక్కోటి 20 గ్రాములు ఉంటుందేమో. ఈకలు మార్చుకునే కాలం కాబట్టి కొన్నింటికి తోక చివర పొడుగు తంతువులు ఇంకా రాలేదు. గడ్డం కింద ఇటుక రంగు, వీపు మీద నీలం నిగనిగ. హిమాలయాల్లోనూ, ఇంకా ఉత్తరాన ఆసియా దేశాల్లోనూ ఇళ్ల చూరుల కింద మట్టిగూళ్లు కట్టుకునే జాతి ఇది. అక్కడా మనిషి ఇంటినే నమ్ముకుంటాయి, ఇక్కడా మనిషి తీగనే నమ్ముకున్నాయి. పట్నంలో రాత్రిళ్లు కాస్త వెచ్చగా ఉంటుంది, లైట్ల వెలుగులో గుడ్లగూబలాంటి వేటపిట్ట వస్తే ముందే తెలుస్తుంది. ఈ రద్దీలోకి రావడానికి అవే కారణాలని పక్షుల్ని చదివినవాళ్లు చెబుతారు. ఆ సందులో అరగంట నిలబడితే ఆ మాట సబబుగానే తోచింది.

గుడ్డల కొట్టాయన బయటికి వచ్చి, మేం తలలెత్తి చూస్తుంటే, "ఆ తీగ కింద నిలబడకండమ్మా, ఇటు రండి, మెట్టు మీద కూకోండి" అని మా అమ్మాయికి చోటు చూపించాడు. రోజూ పొద్దున్నే కొట్టు ముందు నీళ్లు కొట్టి కడుగుతారట. విసుగు రాదా అని అడిగాను. "నెల రోజులుంటే విసుక్కోవచ్చండి. ఇయి దసరా దాటాక వచ్చి మార్చి దాకా ఉంటాయి. అలవాటైపోయింది" అన్నాడు. గిరాకీ చూసుకోవడానికి లోపలికి వెళ్తూ, రోజ్‌మిల్క్ తాగకుండా వెళ్లొద్దని చెప్పాడు. తాగాం. చలిలో చల్లటిది తాగడం ఏమిటన్న మా అమ్మాయి రెండోది కూడా అడిగింది.

కడియం, రావులపాలెం, అంబాజీపేట: శుక్రవారం

రాత్రి పట్నంలో పడుకున్న పిట్టలు పగలు ఎక్కడ తింటాయో చూడాలని పొద్దున్నే కాలవ గట్లు పట్టుకుని బయల్దేరాం. కడియపులంక నర్సరీల మధ్య ఆగాం గానీ అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. పూలమొక్కల కంటే వాటికి నీళ్లు పెట్టే తడి మడుల్లో తోక ఊపుకుంటూ తిరిగే కాటుకపిట్టలే మాకు నచ్చాయి.

అసలు సంత జొన్నాడ వంతెన దాటాక కనిపించింది. దాళ్వా, అంటే రెండో పంట వరి, ఊడ్పులు జరుగుతున్న రోజులు. ఓ చేలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది. దాని వెనక తెల్లకొంగలు, గుడ్డికొంగలు, గోరింకలు, కాకులు, రెండు మూడు సీగల్స్ కూడా. చక్రం తిరిగిన చోటల్లా బురదలోంచి పురుగులూ కప్పలూ బయటపడతాయి. పైన వానకోవెలలు చేను మీద నుంచి చేను మీదికి, వరిమొక్క తాకేంత కిందుగా వెళ్తూ దోమల్నీ ఈగల్నీ గాల్లోనే పట్టుకుంటున్నాయి. నిన్న సాయంత్రం తీగ మీద చూసిన పిట్టే ఇది అయ్యుండొచ్చని మా అమ్మాయి లెక్క. దూరం పాతిక కిలోమీటర్లు కూడా లేదు, దానికి అదొక లెక్క కాదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకముందు ఈ నేలకు జనవరిలో నీళ్లు లేవు. కాటన్ దొర గురించి ఇక్కడ ఎవర్ని కదిపినా అన్నం సంగతే చెబుతారు. ఆ కాలవలే చలికాలంలో ఇన్ని వేల పిట్టలకి కూడా మేత అయ్యాయని ట్రాక్టరు డ్రైవర్‌తో అంటే, ఆయన ఇంజన్ ఆపి, "అవునండోయ్, నేనెప్పుడూ అనుకోలేదు" అని చేను వైపు తిరిగి చూశాడు. మందు కొట్టిన రోజున కొంగలు రావని కూడా ఆయనే చెప్పాడు. గుళికలు చల్లాక రెండు మూడు రోజులు చేను బోసిగా ఉంటుందట. పురుగు పోతే పురుగును తినేది మాత్రం ఎందుకు వస్తుంది? పట్నంలో చెట్టూ తీగా ఎంత ముఖ్యమో, పాతిక కిలోమీటర్ల దూరంలో ఈ బురద అంత ముఖ్యం. ఒకటి లేకపోతే రెండోది ఎందుకూ కొరగాదు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసనకే సగం ఆకలి తీరుతుంది. ఇద్దరికీ కలిపి 100 రూపాయలు, అల్లప్పచ్చడి ఎంత కావాలంటే అంత. హోటల్ ఆవిడ మా బైనాక్యులర్స్ చూసి, "సర్వేకొచ్చారేటండీ?" అంది టెన్షన్‌గా. రోడ్డు వెడల్పు కోసం కొలతలు తీస్తారని భయపడిందట. పిట్టల్ని చూడ్డానికి వచ్చామంటే తేలికపడి, ఇంకో పొట్టిక్క ఆకులో పెట్టి తెచ్చింది. డబ్బులు తీసుకోనంది.

దారిలో తేగలు కొన్నాం, కట్ట 50. అమలాపురం, ముమ్మిడివరం దాటి ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటేసరికి పొద్దువాలింది. యానాంలో ఆ సాయంత్రం మబ్బు పట్టింది. రేవు దగ్గర చెట్లలో కొంగలు సర్దుకోవడం తప్ప పెద్దగా ఏమీ కనపడలేదు. చేపల పులుసు మాత్రం గొప్పగా ఉంది.

కాకినాడ, శనివారం

తాళ్లరేవు దాటాక రోడ్డుకి కుడివైపు మడ అడవులు మొదలవుతాయి. 1978లో కోరింగ అభయారణ్యం అయ్యాక ఈ మడలకి కాస్త రక్షణ దొరికింది. మేం దిగలేదు, సముద్రం పోటు వేళకి కాకినాడ చేరాలి. చేపల రేవు పక్కన కుంభాభిషేకం దగ్గర బురద మైదానం ఉంది. పక్షుల్ని చూసేవాళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. అక్కడ పిట్టలకి పొద్దుతో పని లేదు, పోటూ పాటూ చెప్పిందే వేళ. పాటున నీళ్లు వెనక్కి తగ్గితే, అర్ధరాత్రయినా బురదలో ముక్కులు గుచ్చుకుంటూ తింటాయి. పోటున నీళ్లు బురదను కప్పేస్తే, మిట్టమధ్యాహ్నమైనా మిగిలిన ఇసుక దిబ్బ మీద ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తాయి.

మేం వెళ్లేసరికి పోటు మీద ఉంది. దిబ్బ మీద ఆ బురదలో తినే పిట్టలు, ఉల్లంకులు, వందల్లో ఉన్నాయి. పుష్కర ఘాట్ దగ్గర సీగల్స్‌కి తప్పుగా పెట్టిన సైబీరియా పేరు సరిగ్గా సరిపోయే పక్షి వీటిలో ఒకటుంది. గ్రేట్ నాట్ అంటారు. దాని పుట్టిల్లు నిజంగానే సైబీరియా, ఆ ఈశాన్య మూల కొండల్లో. దక్షిణ కొరియాలో సేమాంగుమ్ దగ్గర 2006లో కడలి గోడ కట్టి, దాని దారి మధ్యలో ఉన్న బురద మేత పొలాన్ని మూసేశాక ఆ జాతి బాగా తగ్గిపోయింది. ఇప్పుడది ప్రపంచవ్యాప్తంగా అంతరించిపోయే ప్రమాదం ఉన్న పక్షుల జాబితాలో ఉంది. అలాంటిది మన కాకినాడ బురదలో, వలలు బాగుచేసుకునే మనుషులకి అరఫర్లాంగు దూరంలో కళ్లు మూసుకుని నిలబడింది. కాస్త అవతల నారింజ ముక్కుల స్కిమ్మర్లు. చంబల్ లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టి, చలికాలానికి ఈ తీరానికి దిగుతాయి. వల కుడుతున్న పెద్దాయన సూది ఆపకుండానే, "దగ్గరికెళ్లకండి బాబూ, అయి అలిసిపోయి పడుకున్నాయి" అన్నాడు. అంతకంటే మంచి బోర్డు ఏ అభయారణ్యంలోనూ చూడలేదు.

మధ్యాహ్నం భోజనం ఆకులో చేశాం. పనసపొట్టు కూర, ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు. కాజాలు ఇంటికి కట్టించుకున్నాం.

సాయంత్రం అయిదుంబావుకి ఊరి మధ్య ఓ కూడలి దగ్గర నిలబడ్డాం. చిన్న గుడి, దానికి రెండు రావిచెట్లు, ఓ మర్రి. చెట్ల కింద పూలమ్మే ఆడవాళ్లు, టీ బండి, ఓ పంక్చర్ షాపు. అయిదున్నరకి పూలావిడ ఎవరూ చెప్పకుండానే లేచి, బుట్టల మీద నీలం పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. టీ బండాయన గొడుగు విప్పాడు. పంక్చర్ షాపు కుర్రాడు బయట పెట్టిన బండ్లను లోపలికి తోశాడు. ఆకాశంలో అప్పటికి ఒక్క పిట్ట కూడా లేదు.

తర్వాత సామర్లకోట వైపు నుంచి మొదటి గుంపు వచ్చింది. అది దాటిపోయిందనుకుంటే వెనక్కి తిరిగింది. పెద్దాపురం మెట్ట నుంచి ఇంకోటి, సముద్రం వైపు నుంచి ఇంకోటి. ఒకదాన్నొకటి కలుపుకుంటూ ఊరి మీద చుట్లు కొట్టాయి. గులాబీ గోరింకలు. గుంపు సన్నపడుతుంది, సాగుతుంది, ఉన్నట్టుండి మధ్యలో నల్లగా చిక్కబడుతుంది, మళ్లీ విడిపోతుంది. ఇన్ని వేల పిట్టల్లో రెండు గుద్దుకోవడం కనపడలేదు.

ఇది ఎలా సాధ్యమని మా అమ్మాయి అడిగింది. ఇలాంటి గోరింకల దాయాదుల మీదే రోమ్ నగరంలో, రైల్వేస్టేషన్ దగ్గర ఓ మేడ మీద నుంచి ఫొటోలు తీసి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కో పిట్ట మొత్తం గుంపును చూడదు. తన చుట్టూ ఉన్న ఆరేడింటిని మాత్రమే గమనిస్తుంది, అవి ఎంత దూరంలో ఉన్నా సరే. అవి తిరిగితే తనూ తిరుగుతుంది. నాయకుడు లేడు, కూత లేదు, ఆ ఆరేడు పొరుగులే. మా అమ్మాయి ఓ పిట్టను పట్టుకుని దాని పొరుగుల్ని లెక్కపెట్టే ప్రయత్నం చాలాసేపు చేసింది.

అంతలో గుంపు ఒక్కసారిగా ఉండ చుట్టుకుంది. పైన బైరిడేగ. రెక్కలు ముడిచి రాయిలా దిగింది. గుంపు రెండుగా చీలింది, డేగ మధ్యలోంచి ఉత్తి కాళ్లతో బయటికి వచ్చింది. కూడలిలో బండ్లు ఆపి చూస్తున్న నలుగురైదుగురు "తప్పించుకున్నాయ్!" అని అరిచారు. రెండోసారి దిగి ఒకదాన్ని పట్టుకుపోయింది. ఎవరూ మాట్లాడలేదు. గుంపు కూడా ఎక్కువసేపు తిరగలేదు. పైనుంచి గరాటులోకి పోసినట్టు రావిచెట్ల మీదికి దిగిపోయింది.

అప్పటి గోల చెప్పనలవి కాదు. బస్సు హారన్ కూడా వినపడలేదు. ఆకుల మధ్య చోటు కోసం తోపులాట, కీచులాట. ఓ తక్కువ కొమ్మ మీద, తల ఎత్తితే అందేంత దగ్గర, రెండు పిట్టలు కూర్చున్నాయి. ఒకటి పెద్దది. తల, మెడ, రెక్కలు నల్లగా నిగనిగలాడుతూ, ఒళ్లు మాత్రం మాసిన గులాబీ రంగు. తల వెనక జారిన జుట్టులాంటి ఈకలు. రెండోది నిరుడు పుట్టిన పిల్ల. మట్టి రంగు, ముక్కు మొదట్లో పసుపు, ఇంకా గులాబీ రాలేదు. ఆ పిల్ల పోయిన వేసవిలో మధ్య ఆసియాలో ఎక్కడో రాళ్ల సందున కళ్లు తెరిచి ఉంటుంది. మిడతలు ఎక్కువున్న ఏడాది, మిడతలున్న చోటికే పోయి పిల్లల్ని పెట్టే జాతి ఇది. చైనాలోని షింజియాంగ్‌లో మిడతల్ని తింటాయని వీటి కోసం రాళ్ల కుప్పలు పోసి, ఇటుకలతో గూళ్లున్న గోడలు కట్టి పెట్టారు. ఇక్కడ పగలు పొలాల్లో మిడతలు, మెట్టలో జొన్న, రావిపళ్లు, మర్రిపళ్లు. జొన్నరైతుకు వీటి మీద కోపం ఉండటంలో తప్పు లేదు. కానీ ఏడాది మొత్తం లెక్క తీస్తే రైతు పక్షాన చేసేదే ఎక్కువని నా నమ్మకం.

పూలావిడ ఆ గోలలోనే మా అమ్మాయిని పట్టా కిందికి లాగి, "తలకి కొంగు కప్పుకో తల్లీ" అంది. చున్నీ కప్పుకుంది. ఆవిడ ఇరవై ఏళ్లుగా అక్కడే అమ్ముతోందట. ఒకప్పుడు మూడు రావిచెట్లు. ఒకదాన్ని తీగలకి అడ్డమని కొమ్మలన్నీ కొట్టేస్తే మోడైపోయింది. కొట్టింది కూడా నవంబరులో, పిట్టలొచ్చాక. "ఆ రాత్రి గుంపు ఈ నెత్తి మీదే తిరిగిందమ్మా, సీకటి పడిపోయినా తిరిగింది. ఎక్కడ వాలాలో తెలీక" అంది. గొంతులో కోపమేమీ లేదు, ఇంట్లోవాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. కొమ్మలు కొట్టక తప్పకపోతే పిట్టలు లేని మే నెలలో కొట్టొచ్చు. అదేమీ కష్టమైన పని కాదు, ఖర్చు అసలే లేదు.

ఆరుంబావుకి గోల ఆగింది. టీ 12 రూపాయలు. గ్లాసు మీద మూత పెట్టి ఇచ్చాడు.

కాకినాడ, ఆదివారం తెల్లవారుజాము

అయిదున్నరకే వెళ్లాం. చెట్టు లోపల గుసగుసలు మొదలై, ఆగి, మళ్లీ మొదలయ్యాయి. వెలుగు రాగానే అన్నీ ఒకేసారి లేస్తాయనుకున్నాం. అలా కాదు. ఓ గుంపు లేచి సామర్లకోట వైపు పోయింది. రెండు మూడు నిమిషాల నిశ్శబ్దం. మళ్లీ ఓ గుంపు. ఇలా విడతలుగా పొద్దుపొడిచే వేళకి చెట్టు ఖాళీ. మున్సిపాలిటీ ఊడ్చే ఆవిడ వచ్చి, రావిపళ్ల గింజలతో నిండిన ఆ తెల్లటి పొరను బకెట్ల కొద్దీ నీళ్లు పోసి కడిగింది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. చేతికి తొడుగుల్లేవు. రోజూ ఆ పని చేసే మనిషికి చేతొడుగులూ, పక్కనే ఓ కుళాయీ ఇవ్వాలి. పిట్టల్ని ప్రేమించే ఊరు చేయాల్సిన మొదటి ఖర్చు అది. రాజమండ్రి గుడ్డల కొట్టాయన అయినా, ఈవిడ అయినా, వీళ్లు కడగబట్టే ఆ చెట్లూ తీగలూ వాటికి దక్కుతున్నాయి.

2027లో గోదావరి పుష్కరాలు. రోడ్లు, ఘాట్లు, లైట్లు అన్నీ కొత్తగా వస్తాయి, రావాలి కూడా. ప్లాను గీసేవాళ్లు ఒక్క సాయంత్రం వచ్చి ఏ చెట్టు మీద ఏం పడుకుంటోందో రాసుకుంటే చాలని నా మనవి.

వెళ్లాలనుకునేవాళ్లకి: గులాబీ గోరింకలు ఏప్రిల్ దాకా ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగు, బూరుగు పూసినప్పుడు పగలు ఆ పూల మీద తేనె తాగుతూ దొరుకుతాయి, గులాబీ రంగు కూడా అప్పటికి బాగా తేలుతుంది. సాయంత్రం అయిదుంబావుకల్లా చోటు చూసుకోండి. ఫ్లాష్ కొట్టకండి, టపాసులు పేల్చి లేపి వీడియో తీసేవాళ్లు కనిపిస్తే వద్దని చెప్పండి. టీ బండి దగ్గర ఏదో ఒకటి కొనండి. టోపీ తప్పనిసరి.